1860 నాటి యంత్రశాల పనివాడి బట్టలు: సలహా కావాలి

లేత్‌మూర్తి:
అందరికీ నమస్కారం. నేను మసాచుసెట్స్‌లో ఉంటాను, యంత్రాల తయారీలో ఇంజనీర్‌ని. మా దగ్గరలో పాతకాలపు ఊరిని అలాగే నిలిపి చూపించే ఒక ప్రదర్శనశాల ఉంది. స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు ఆనాటి బట్టలు వేసుకుని ఆనాటి పనులు చేసి చూపిస్తారు. ఈ వేసవిలో నాకు అక్కడి యంత్రశాలలో లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) దగ్గర నిలబడే అవకాశం వచ్చింది. ఎంచుకున్న సంవత్సరం 1860, అంటే అమెరికా అంతర్యుద్ధానికి ముందటి ఏడాది. ఏ దేశం నుంచి వచ్చినవారైనా ఏ పనైనా చూపించవచ్చని నిర్వాహకులు చెప్పారు. బట్టలు మాత్రం ఎవరివి వారే సమకూర్చుకోవాలి.

‘విక్టోరియా కాలపు కార్మికుడు’ అని అమ్మే సెట్లు చూశాను. చారల చొక్కా, ఎనిమిది ముక్కల టోపీ, మెడలో ఎర్ర రుమాలు, మోకాళ్ళ దగ్గర ముందే చింపిన ప్యాంటు. కమ్మరికీ వడ్రంగికీ రైలింజను నడిపేవాడికీ అదే సెట్టు. నమ్మకం కుదరడం లేదు. లేత్ గురించి ఎంత నిక్కచ్చిగా చెప్పగలనో ఒంటి మీది బట్ట గురించి కూడా అంత నిక్కచ్చిగా చెప్పగలగాలని నా కోరిక. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సూదిదారం:
మూర్తి గారూ, మంచి పని తలపెట్టారు. ఆ సెట్టు కొనకండి. ముందు చొక్కా సంగతి చూద్దాం. పనిలో కోటు విప్పేస్తారు కాబట్టి జనం కంటికి ఆనేది చొక్కా, దాని మీది వెయిస్ట్‌కోటు.

ఆనాటి పనివాడి చొక్కా కింది దాకా తెరుచుకోదు. చీలిక గుండె దాకానే ఉంటుంది, మన లాల్చీలాగా తల మీదుగా తొడుక్కోవాలి. కత్తిరింపులో వంపులు దాదాపు ఉండవు. అన్నీ చదరపు, దీర్ఘచతురస్రపు ముక్కలే. ఒంటికి ఒకే పొడుగు ముక్క, భుజాల దగ్గర మడత. చేతులకు రెండు ముక్కలు, అవి భుజం మీద కాకుండా కాస్త కిందికి జారి కలుస్తాయి. చంక కింద చిన్న చదరపు ముక్క మూలగా మడిచి వేస్తారు. దాని విలువ వేసుకుంటేనే తెలుస్తుంది: చేయి పైకి ఎత్తినా చొక్కా నడుములోంచి లేచి రాదు. మెడ పక్కన భుజం మీద ఒక త్రికోణపు ముక్క, పక్క కోతలు మొదలయ్యే చోట ఇంకో బుల్లి ముక్క. ఆ బుల్లి ముక్క లేకపోతే గుడ్డ అక్కడి నుంచే చిరుగుతుంది. పొడవు తొడ సగం దాకా రావాలి. లోదుస్తు పని కూడా చాలావరకు ఆ చొక్కాదే.

ఇలా కత్తిరిస్తే గుడ్డలో పీలిక కూడా వృథా కాదు. 36 అంగుళాల పన్నా గుడ్డ మూడు, మూడున్నర గజాలు తీసుకోండి. చిన్న గళ్ళ నూలు గాని, నీలం తెలుపు చారల దళసరి నూలు గాని, లేదా ఉన్ని ఫ్లానెల్ గాని బాగుంటుంది.

ఇక కుట్టు. ఎలియాస్ హోవ్ కుట్టుమిషనుకు 1846లో పేటెంటు వచ్చింది, సింగర్ది 1851. కాబట్టి 1860 నాటికి పొడుగు కుట్లు మిషను మీద వేసిన చొక్కా ఉండటం సబబే. కాజాలు మాత్రం చేత్తో కుట్టండి. లోపలి అంచులకు ఓవర్‌లాక్ అసలు వద్దు, అది 1880ల తర్వాతి సంగతి. అంచును లోపలికి మడిచి రెండో వరుస కుట్టు వేయాలి. గుండీలు ఎముకవి, ముత్యపుచిప్పవి, లేదా తెల్ల పింగాణీవి. పింగాణీ గుండీలు 1840లో ఇంగ్లండులో ప్రోసర్ పేటెంటు తర్వాత బాగా చవకయ్యాయి. ప్లాస్టిక్ గుండీ దగ్గరికి వచ్చిన పిల్లవాడి కంటికి కూడా తెలిసిపోతుంది.

రంగస్థలం:
సూదిదారం గారు చెప్పినవన్నీ బాగున్నాయి. కానీ నేను హైదరాబాదులో నాటకాలకు దుస్తులు సమకూరుస్తాను, నా అనుభవం వేరు. చూసేవాడికి చంక కింద ముక్క కనబడదు. కనబడేది మురికి. యంత్రశాల మనిషి అంటే నూనె మరకలు, మసి, అతుకులు. బట్టలను టీ నీళ్ళలో నానబెట్టి, మోకాళ్ళు గరుకు కాగితంతో రుద్ది, మసి పూస్తే ప్రేక్షకుడు వెంటనే నమ్ముతాడు. పదో వరుసలో కూర్చున్నవాడికి అదే నిజం.

తడిపలక:
నాటకానికి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. మూర్తి గారి ముందు నిలబడేవాళ్ళు మాత్రం మూరెడు దూరంలో ఉంటారు, చేయి చాపి గుడ్డ పట్టుకుని చూస్తారు.

నేను పాత పద్ధతిలో, గాజు పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి, అది తడిగా ఉండగానే ఫోటోలు తీస్తాను (1851లో ఆర్చర్ ప్రకటించిన పద్ధతి ఇది). పనిముట్లు పట్టుకుని తీయించుకున్న వృత్తిపనివారి ఫోటోలు 1840ల నుంచి చాలా మిగిలాయి. చేతిలో రెంచి పట్టుకున్నవాడు, ఒళ్ళో రంపం పెట్టుకున్నవాడు, బూటు అచ్చుతో కూర్చున్నవాడు. మీకు వాటికి మించిన ఆధారం దొరకదు. కాకపోతే వాటిని చదవడం తెలియాలి.

వెండి పూత వేసిన రాగి రేకు మీద తీసే డాగెరోటైప్‌లోనూ, ఇనప రేకు మీద తీసే టిన్‌టైప్‌లోనూ బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. మగవాళ్ళ కోటుకు ఎడమ అంచు పైకి వస్తుంది కదా, ఫోటోలో కుడి అంచు పైన కనబడుతుంది. అది చూసి కోటు అలాగే కుట్టించుకున్నవాళ్ళు ఉన్నారు. సుత్తి ఎడమ చేతిలో ఉంటే ఆ మనిషి ఎడమచేతివాటం అనుకోవద్దు.

రంగులు ఇంకా పెద్ద చిక్కు. ఆనాటి రసాయనాలు నీలం వెలుగుకే బాగా స్పందిస్తాయి, ఎరుపును దాదాపు చూడలేవు. వెలిసిన నీలం చొక్కా ఫోటోలో తెల్లగా వస్తుంది. ఎర్ర ఫ్లానెల్ చొక్కా నల్లగా వస్తుంది. పసుపు కూడా ముదురుగానే పడుతుంది. ‘ఆ రోజుల్లో అందరూ నలుపు తెలుపు బట్టలే వేసుకున్నారు’ అనే అపోహలో సగం ఇక్కడే పుట్టింది. నా కెమెరా ముందు నీలి చొక్కా వేసుకుని నిలబడిన ప్రతివాడూ పలక చూసి ఆశ్చర్యపోతాడు.

మురికి మాటకు వస్తే, ఫోటో తీయించుకోవడానికి వచ్చినవాడు శుభ్రమైన బట్టతోనే వస్తాడు, అది నిజమే. అయినా అతుకులు చూడండి: మోకాలి మీద చదరంగా, అంచులు మడిచి, ఓపికగా వేసినవి. ఇంట్లో ఎవరో గంటసేపు కూర్చుని వేసిన అతుకు అది. గరుకు కాగితంతో రుద్దిన చిరుగు ఆ మనిషికీ, ఆ ఇంటి ఇల్లాలికీ కూడా అన్యాయం చేస్తుంది.

మాంచెస్టర్‌సుజాత:
తడిపలక గారి చివరి మాటకు నా ఓటు. నేను ఇంగ్లండులో ఉంటాను, ఇక్కడి జౌళి మిల్లుల చరిత్ర చదవడం నాకు ఇష్టం. మూర్తి గారిది అమెరికా కాబట్టి నా మాటలు నేరుగా పనికిరావు. ఒక్క పనికే చోటును బట్టి బట్టలు ఎంతగా మారతాయో తెలియడానికి చెబుతున్నాను.

ఇక్కడ లాంకషైర్ పనివాడి గుడ్డ ఫస్టియన్. దళసరి నూలు, పైన కత్తిరించిన నూగు. కార్డురాయ్, మోల్‌స్కిన్ దాని చుట్టాలే. మగ్గం మీద నేసినప్పుడు పైన పేక పోగులు ఉచ్చులుగా తేలి ఉంటాయి. గుడ్డను బల్ల మీద బిగించి, పొడుగాటి సన్న కత్తిని ఆ ఉచ్చుల కిందకి దూర్చి, బల్ల వెంబడి నడుస్తూ ఒక్కో వరుసనూ కోయాలి. ఆ పని చేతితోనే సాగేది, ఆడవాళ్ళూ పిల్లలూ కూడా చేసేవారు. రోజంతా ఆ బల్ల చుట్టూ నడకే. లిమ్ లాంటి ఊళ్ళు ఆ పని మీదే బతికాయి.

ఈ గుడ్డకు గౌరవం కూడా ఉంది. శ్రామికులకు ఓటు హక్కు కోసం పోరాడిన చార్టిస్టు ఉద్యమ నాయకుడు ఫియర్గస్ ఓ’కానర్ 1841లో యార్క్ జైలు నుంచి విడుదలైనప్పుడు ఫస్టియన్ సూటు తొడుక్కుని బయటికి వచ్చాడు. నేను మీ మనిషినే అని శ్రామికులకు చెప్పడానికి ఆ గుడ్డ చాలు. అలాంటి గుడ్డను ఎవరైనా చింపిరి వేషంగా చూపిస్తుంటే నాకు మనసు ఒప్పదు.

ఇంకో సంగతి. అదే మిల్లులో మ్యూల్ యంత్రం మీద నూలు వడికేవాళ్ళు పలచని చొక్కా, పలచని పంట్లాంతో, పాదరక్షలు లేకుండా పనిచేసేవారు. గది ఉక్కగా ఉంటుంది, నేలంతా నూనె. బయటికి రాగానే చెక్క అడుగున్న క్లాగ్‌లు వేసుకునేవారు. వాటి అడుగుకు గుర్రపు నాడాల్లాగా ఇనప పట్టీలు. మిల్లు కూతకు ముందు వీధి రాళ్ళ మీద ఆ చప్పుడు గురించి ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. రైలు దారులు తవ్విన నావీలది ఇంకో తీరు: మోల్‌స్కిన్ ప్యాంటు, వెల్వెటీన్ కోటు, మేకులు కొట్టిన బూట్లు, మెడలో కళ్ళు చెదిరే రంగుల రుమాలు. వాళ్ళు రంగులంటే పడిచచ్చేవారు.

లేత్‌మూర్తి:
ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ప్యాంటు గురించి. నా దగ్గర రాగి రివెట్లున్న ముదురు నీలం జీన్స్ ఉంది. జిప్పు తీసేసి గుండీలు కుట్టిస్తే సరిపోతుందా? జీన్స్ పనివాళ్ళ బట్టే కదా.

సూదిదారం:
సరిపోదండి. రివెట్ల ప్యాంటు నెవాడాలోని రీనో ఊళ్ళో దర్జీ జేకబ్ డేవిస్ ఆలోచన. జేబు మూలలు చిరిగిపోతున్నాయని అక్కడ రాగి మేకు బిగించాడు. గుడ్డ సరఫరా చేసే లెవీ స్ట్రాస్‌తో కలిసి పేటెంటు తీసుకున్నది 1873 మే 20న. మీ 1860కి అది ఇంకా 13 ఏళ్ళ దూరం. పైగా ఆ ప్యాంటుకు కూడా బెల్టు దూర్చే పట్టీలు 1922లో గాని రాలేదు. జిప్పు పూర్తిగా 20వ శతాబ్దపు వస్తువు.

మీకు కావలసింది ఇది. నడుము బొడ్డు మీదికి వచ్చే ప్యాంటు. ముందు గుండీల చీలిక. (1840ల దాకా ముందు పలక కిందికి తెరుచుకునే పద్ధతి ఎక్కువ, మీ కాలానికి ముసలివాళ్ళ ఒంటి మీదే మిగిలింది.) వెనక నడుము దగ్గర చిన్న బకిలు, బిగించుకోవడానికి. సస్పెండర్లు, అంటే ప్యాంటు జారకుండా భుజాల మీదుగా వేసుకునే పట్టీలు, తగిలించడానికి ముందు వైపు నాలుగు, వెనక రెండు గుండీలు. సస్పెండర్లు గుండీలకే తగిలించాలి, ఇనప క్లిప్పులవి తర్వాతి కాలానివి. పిరుదుల దగ్గర వదులుగా ఉండాలి, వంగినా కూర్చున్నా పట్టకూడదు.

గుడ్డ: న్యూ ఇంగ్లండులో శాటినెట్ బాగా వాడారు. పడుగు నూలు, పేక ఉన్ని. పైకి ఉన్నిలా కనబడుతుంది, వెల తక్కువ. అది దొరక్కపోతే బూడిద రంగు లేదా గోధుమ రంగు ఉన్ని కలిసిన గుడ్డ. వేసవి కాబట్టి దళసరి నూలు డ్రిల్ అయినా పరవాలేదు. నీలం నూలు ఓవరాల్స్ అప్పటికే ఉన్నాయి. అవి మంచి ప్యాంటు పాడవకుండా దాని మీద తొడుక్కునే వదులు పంట్లాలు. రివెట్లు లేకుండా, సాదా కుట్టుతో కుట్టిస్తే మీరు నిశ్చింతగా వేసుకోవచ్చు.

కొలిమిదగ్గర:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు, ఇది చెప్పకుండా ఉండలేను. నేను మిషిగన్‌లో సెలవు రోజుల్లో కొలిమి పని చేస్తాను. పాలిస్టర్ కలిసిన గుడ్డతో నిప్పు దగ్గరికి ఎవరూ వెళ్ళకండి. రవ్వ పడితే పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుపోతుంది. ఉన్ని అంత తేలిగ్గా మండదు, రవ్వ పడ్డ చోట మాడి అక్కడే ఆరిపోతుంది. ఇనప పనివాళ్ళు ఎండాకాలంలో కూడా ఫ్లానెల్ చొక్కా వేసుకోవడానికి అదొక కారణం, చెమట పీల్చుకోవడం ఇంకో కారణం. కొనే ముందు గుడ్డలోంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద పొడిగా రాలితే ఉన్ని. కాగితం కాలిన వాసన వస్తే నూలు. గట్టి నల్ల పూస మిగిలితే ఆ గుడ్డ కొట్టులోనే వదిలేయండి.

మూర్తి గారి దగ్గర నిప్పు లేకపోయినా బెల్టులు ఉన్నాయి. పైన షాఫ్టు నుంచి లేత్‌కు దిగే తోలు బెల్టుకు దయ ఉండదు. రుమాలు కొసలు చొక్కాలోకి దోపండి. చేతులు మోచేయి పైకి మడవండి, వదులు కఫ్ వేలాడనివ్వకండి. గడియారం గొలుసు పని దగ్గర వద్దు. ఏప్రన్ తాడు వెనక ముడి వేసి కొసలు లోపలికి తోయండి. పాతకాలపు బట్టల్లో ఉన్నా కళ్ళద్దాల విషయంలో ఇప్పటి నియమమే పాటించండి. ఆ కాలపు వాళ్ళు కళ్ళు పోగొట్టుకున్నారు, దాన్ని మనం తిరిగి చూపించనక్కర్లేదు.

రంగస్థలం:
పోగు కాల్చి చూసే చిట్కా మా దుస్తుల గదిలో కూడా మొదలుపెడతాను. మా నాటకాల్లో దీపాలకు నిప్పు వాడతాం. ఏప్రన్ తోలుదే ఉండాలా?

కొలిమిదగ్గర:
తోలు కమ్మరికి. దాగలి దగ్గర రవ్వలు కాళ్ళ మీదే పడతాయి. లేత్ మనిషికి, వడ్రంగికి దళసరి నూలు లేదా నార గుడ్డ ఏప్రన్ చాలు. వాడిన కొద్దీ మరకలు సరైన చోటే పడతాయి: కడుపు దగ్గర, చేతులు తుడుచుకునే తొడల మీద. మూర్తి గారూ, మసి పూయకండి. నాలుగు వారాంతాలు నిజంగా లేత్ నడపండి, ఆ గుడ్డే మిగతాది చూసుకుంటుంది.

నీలికుండ:
రంగు గురించి నా మాట. మాది కడప జిల్లా, మొక్కల రంగులతో అద్దకం చేస్తాను. కృత్రిమ రంగుల్లో మొదటగా పేరొందిన మావ్ అనే ఊదా రంగును ఇంగ్లండు రసాయనవేత్త పెర్కిన్ కనిపెట్టింది 1856లో, అది పట్టు బట్టల విలాసం. 1860 నాటి పనివాడి ఒంటి మీద నీలం అంటే నీలిమందే. జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలి బజారులోకి తెచ్చింది 1897లో. ఆ మధ్య కాలమంతా లోకానికి నీలం మన దేశం నుంచే ఎక్కువగా వెళ్ళింది. బెంగాల్‌ది పై రకం. మా కడప నీలిని లండన్ వర్తకులు ‘కర్పా’ అనేవారు. ఇంగ్లండు పనివాడి నీలి చొక్కాలో మా నేల రంగు కొంత ఉందంటే అది ఊరికే చెప్పుకునే గొప్ప కాదు.

నీలి కుండలో ముంచి తీసిన గుడ్డ ముందు పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగలగానే, చూస్తుండగానే అంచుల నుంచి నీలం ఎక్కుతుంది. అలా ఎన్ని ముంపులు వేస్తే అంత ముదురు. రంగు పోగు పై పొరలోనే నిలుస్తుంది కాబట్టి రాపిడి తగిలే అంచుల్లో తెల్లబడుతుంది. రసాయనంతో వెలిపించిన గుడ్డకు ఆ తెలుపు రాదు, ఒంటినిండా ఒకే రకంగా పాలిపోతుంది.

ఎర్ర రుమాలు గురించి అడిగారు కదా. అది తప్పు కాదు, అందరికీ అదే అనడం తప్పు. గ్లాస్గోలో మాంటీత్ కర్మాగారం టర్కీ ఎరుపు అనే, వెలిసిపోని ఎరుపు అద్దిన గుడ్డలను మడతలు పేర్చి, బెజ్జాలున్న సీసపు పలకల మధ్య బిగించి, ఆ బెజ్జాల గుండా క్లోరిన్ నీళ్ళు పంపేది. నీళ్ళు తాకిన చోట ఎరుపు పోయి తెల్లచుక్క మిగిలేది. ఆ టర్కీ ఎరుపుకు గుడ్డను ముందు నూనెలోనూ క్షారంలోనూ మళ్ళీ మళ్ళీ నానబెట్టాలి. చీరాల తేలియా రుమాలుకు నూలును నూనెలో, బూడిద నీళ్ళలో నానబెట్టే పద్ధతి తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. స్కాట్లండు చేనేతవాళ్ళు గళ్ళ రుమాళ్ళు కూడా నేశారు, వాటిని పులికాట్ పేరుతోనే అమ్మేవారు. మొదట అవి మన పులికాట్ తీరం నుంచి వెళ్ళిన సరుకు కాబట్టి. మూర్తి గారూ, ఎరుపు వదిలేసి నీలం గళ్ళ రుమాలు కట్టుకోండి, కథ చెప్పడానికి మీకూ ఒక దారి దొరుకుతుంది.

లేత్‌మూర్తి:
నీలికుండ గారూ, ఆ రుమాలు తప్పకుండా కడతాను. అడిగినవాళ్ళకు పులికాట్ ఎక్కడుందో పటం తీసి చూపిస్తాను. టోపీ ఒక్కటే మిగిలింది.

మాంచెస్టర్‌సుజాత:
ఎనిమిది ముక్కల టోపీ శతాబ్దం చివరి నాటిది, అది వద్దు. నుదుటి మీదికి చిన్న అంచు ఉన్న మెత్తటి గుడ్డ టోపీ సరిపోతుంది. ఇంకో అందమైన దారి ఉంది: కాగితపు టోపీ. వడ్రంగులు, రాతిపనివారు, అచ్చుపనివారు, యంత్రపు పనివారు ఒక పెద్ద కాగితాన్ని మడిచి చదరపు టోపీ చేసుకునేవారు. జుట్టులో దుమ్ము పడదు, నూనె పట్టాక పారేసి ఇంకోటి చేసుకోవచ్చు. అచ్చు కార్యాలయాల్లో పాడైన కాగితాలకు కొదవ లేదు, అక్కడ ఆ అలవాటు 20వ శతాబ్దంలోకి కూడా వచ్చింది.

మడత ఇలా. కాగితాన్ని సగానికి మడవండి. మడత వైపు మూలలు రెండూ మధ్యకు తెచ్చి కలపండి. కింద మిగిలిన అంచులో పై పొరను రెండు మడతలుగా పైకి తిప్పితే పట్టీ అవుతుంది. తిరగేసి, రెండు పక్కలనూ మీ తల చుట్టుకొలతకు సరిపడేలా మధ్యకు మడవండి. కింది అంచు మూలలు లోపలికి వంచి, అంచును పైకి మడిచి పట్టీలో దోపండి. పైన కొనను కిందికి వంచి అదే పట్టీలో దోపండి. ఇప్పుడు లోపల వేళ్ళు పెట్టి విప్పి, అడ్డంగా నొక్కితే రెండు కొసలు లేస్తాయి. వాటినీ పట్టీలోకి తోస్తే నాలుగు పలకల టోపీ నిలబడుతుంది. పిల్లలు చుట్టూ మూగుతారు, వాళ్ళ చేత కూడా చేయించండి.

తడిపలక:
అమెరికా ఫోటోల్లో కూడా ఆ కాగితపు టోపీలు కనబడతాయి, కాబట్టి మూర్తి గారు వాడవచ్చు. ఒక్క విషయంలో సూదిదారం గారితో కొంచెం విభేదిస్తాను. వెయిస్ట్‌కోటు తప్పనిసరి అన్నట్టు రాశారు. యంత్రశాలల ముందు గుంపుగా తీసిన ఫోటోల్లో ఉత్త చొక్కా, సస్పెండర్లతో నిలబడినవాళ్ళు ఉన్నారు.

సూదిదారం:
ఉన్నారు, కాదనను. అయితే సస్పెండర్లు అప్పటికి లోదుస్తుల లెక్కలోకి వస్తాయి, పై మనుషుల ముందు అవి కనబడేలా నిలబడటం మర్యాద కాదు. మూర్తి గారు రోజంతా సందర్శకుల ముందు నిలబడతారు, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉంటారు. నైపుణ్యం ఉన్న పనివాడు, నలుగురిలో పేరున్నవాడు వెయిస్ట్‌కోటు తొడుక్కునే మాట్లాడతాడు. మీ రాష్ట్రంలోని లోవెల్ మెషిన్ షాపులాంటి చోట జౌళి యంత్రాలతో పాటు రైలింజన్లు కూడా చేసినవాళ్ళు తమను తాము కూలివాళ్ళుగా అనుకోలేదు. ఉక్కపోస్తే గుండీలు విప్పుకోవచ్చు, విప్పి మేకుకు తగిలించకుండా ఉంటే చాలు.

తడిపలక:
సందర్శకుల మాట నాకు తోచలేదు. ఆ కారణం చాలు, వెయిస్ట్‌కోటుకే నా ఓటు.

లేత్‌మూర్తి:
అయితే లెక్క ఇదీ: నీలం తెలుపు చారల చొక్కా, బూడిద రంగు శాటినెట్ ప్యాంటు, వెయిస్ట్‌కోటు, నార గుడ్డ ఏప్రన్, గళ్ళ రుమాలు, కాగితపు టోపీ. చెప్పులు?

కొలిమిదగ్గర:
చీలమండ దాకా వచ్చే తోలు బూట్లు, తాళ్ళు కట్టేవి. అడుగును చెక్క మేకులతో బిగించినవి దొరికితే తీసుకోండి, మీ రాష్ట్రపు సరుకే అది. 1860 ఫిబ్రవరి 22న మీ దగ్గరి లిన్ ఊళ్ళో బూట్లు కుట్టేవాళ్ళు కూలి పెంచమని పెద్ద సమ్మె మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళకూ పాకింది. మీ బూట్లు చూసి అడిగినవాళ్ళకు ఆ సంగతి చెప్పండి, అది మీ మనిషికి నిన్నటి వార్త.

సూదిదారం:
మూర్తి గారూ, ప్యాంటు నమూనా నేను గీసి పంపుతాను. నడుము కొలత బొడ్డు మీద తీయండి, తుంటి మీద కాదు. కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడినప్పుడు ఒకసారి తీసి రెండూ పంపండి. వెయిస్ట్‌కోటు పొడవు ప్యాంటు నడుముపట్టీ మీదికి రెండు వేళ్ళు దిగాలి, వంగినప్పుడు చొక్కా కనబడకుండా.